గడప దాటని యజమాని

ఆ రాజ్యంలో ఇళ్లు అమ్మిపెట్టే దళారులకు రాజముద్ర తప్పనిసరి. ముద్రలిచ్చే అధికారి భుజంగపతి దళారి సూరమ్మను పిలిపించాడు.

"నా పాత ఇల్లు అమ్మిపెట్టు. అందులో ఏడుపు వినిపిస్తుందని ఎవరికైనా చెప్పావంటే నీ ముద్ర లాక్కుంటాను."

"చెప్పను దొరా. ఇల్లు మాత్రం మీరే చూపించాలి," అంది సూరమ్మ.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చంటిబిడ్డల తండ్రి, నేతగాడు చెన్నప్ప ఇల్లు కొందామని చూడటానికి వచ్చాడు. భుజంగపతి తలుపు తెరవగానే లోపలినుంచి చల్లటి గాలి వీచింది.

"యజమానులు ముందు నడవండి దొరా," అని సూరమ్మ పక్కకు జరిగింది.

అధికారి కాలు గడప దాటలేదు. నుదుట చెమట పట్టింది. అది చూసి చెన్నప్ప వెనుదిరిగాడు.

"నీ ముద్ర..." అంటూ అధికారి పళ్లు కొరికాడు.

"నేనేమైనా చెప్పానా దొరా?"

ఆయన బదులిచ్చేలోగా, మనిషి లేని ఆ ఇంటి తలుపు లోపలినుంచి మెల్లగా మూసుకుంది.