నగారా ఉన్న మేడలు

కోట గంట ఐదు కొట్టగానే ఎల్లమంద మొహం కడుక్కుని, నగారా కర్రలు తుడుచుకున్నాడు.

రెండు వందల ఏళ్లుగా సిపాయిలు ఉండిన భవనమది. మంత్రి వీరరాఘవయ్య దాన్ని పాలరాతి మేడలుగా మార్చి షావుకార్లకు అమ్మాడు. ఒకటి తనే ఉంచుకున్నాడు. అక్కడుండే సిపాయిల వితంతువులు ఏనుగుల పాకలో పడ్డారు. పాతదనం పోకూడదని గుమ్మం మీది శాసనాన్నీ, నగారానీ, దాన్ని వాయించే ఎల్లమందనీ మాత్రం ఉంచారు.

ఎల్లమంద హాజరు నగారా మోగించాడు. షావుకార్లు నిద్రమొహాలతో బయటికొచ్చారు. ఆ మోత విని సేనాపతి గుర్రం మీద వచ్చాడు.

"ఎవడ్రా వాయించమన్నది?" అరిచాడు మంత్రి.

"శాసనమే బాబుగారూ. 'ఈ కప్పు కింద నిద్రించే ప్రతి మగవాడూ రాజుగారి సిపాయి. నగారా మోగితే వరసలో నిలబడాలి' అనుందండి."

"అది అందానికి ఉంచాంరా, పిచ్చోడా!"

"అందానికని అందులో లేదండి. సేనాపతిగారూ, రద్దయిందా?"

"లేదు," అన్నాడు సేనాపతి. "సరిహద్దులో మనుషులూ తక్కువగా ఉన్నారు. రేపు నేనే హాజరు తీసుకుంటాను."

"ఖాళీ చేస్తే?" అన్నాడొక షావుకారు.

"ఇక్కడ నిద్రపోనివాడు సిపాయి కాడు కదండీ," అన్నాడు ఎల్లమంద.

మధ్యాహ్నానికి షావుకార్ల మేడలన్నీ ఖాళీ. వితంతువులు పాలరాతి గదుల్లో చాపలు పరుచుకున్నారు.

తొమ్మిది రోజులకు సరిహద్దు నుంచి వచ్చిన కబురు విని ఊరు నివ్వెరపోయింది. మంత్రిగారు బల్లెం పట్టుకుని అక్కడ కాపలా కాస్తున్నారట. మేడ వదులుకోలేక, నగారా మోగిన రోజు రాత్రి కూడా ఆయన ఆ కప్పు కిందే నిద్రపోయారు.