బీరపందిరికి గద్ద చేసిన వైద్యం

వీరాస్వామి దొడ్లో బీరపందిరి కింద చుక్కల కోడిపెట్ట కాపురం. దానికి ఏడు పసుపురంగు పిల్లలు. పైన ఆకు దట్టంగా ఉన్నంతకాలం ఆ ఏడూ గద్ద కంట పడలేదు.

కొన్నాళ్లకు ఆకులు పసుపు తిరిగాయి. తీగ నాటిన నడిమి గుంజ దగ్గర ముదురాకులు ముందు పండాయి, తర్వాత రాలాయి. రాలినచోటల్లా నేల మీద ఎండ పడింది. ఆ ఎండ చూస్తే పెట్టకు గుండె జారిపోయేది. పూటకు పదిసార్లు పిల్లల్ని లెక్కపెట్టుకునేది.

"భయపడకు చెల్లీ," అంది కరెంటు స్తంభం మీద గద్ద. రెట్ట వాసనకు పాము వస్తుందనీ, పందిరి కింద రోజూ శుభ్రం చేసుకోమనీ నెల కిందట చెప్పింది కూడా అదే. పాము పేరు వింటేనే పెట్టకు వణుకు. అప్పట్నుంచీ రెట్టా చెత్తా అంతా కాళ్లతో చిమ్మి కంచె దగ్గర పోగేస్తోంది.

"ఇది అంటుతెగులు. పండాకు కనబడగానే తుంచెయ్యి."

"తుంచితే పైన కంత పడదా అన్నా?"

"పందిరంతా పోవడం కన్నా ఒక కంత నయం కదా. పైనుంచి చూసేవాణ్ణి, నాకు తెలీదా?"

పెట్ట తుంచింది. గోరుచుట్టు మీద రోకటిపోటయింది. మూడోనాడు కంతలోంచి గద్ద నీడ దిగి పిల్లల మీదుగా మెల్లగా జరిగిపోయింది. పెట్ట ఏడింటినీ రెక్కల కింద అదుముకుని పక్కనే కట్టేసి ఉన్న ముసలెద్దు దగ్గరికి చేరింది.

ఎద్దు నెమరు ఆపి అడిగింది. "ముందు పండింది లేతాకా, ముదురాకా?"

"ముదురాకే తాతా. చివుళ్లు బాగానే ఉన్నాయి."

"అయితే తెగులు కాదు, ఆకలి. నేను పుట్టిన ఏడాది మేత లేదు. మా అమ్మ తన ఒళ్లు కరగదీసుకుని నాకు పాలిచ్చింది. తీగా అంతే. నేలలో బలం అందకపోతే ముదురాకులో సారం తీసి చివురుకు పెడుతుంది. నువ్వా ఆకు తుంచి దాని నోటికాడ కూడు లాగేశావు. అసలు దానికి అన్నం నీ రెట్టే. అది చిమ్మెయ్యమన్నదెవరు?"

"గద్దన్న."

"వాడేం తింటాడో అడిగావా?"

పెట్ట కంచె దగ్గరి పోగు వైపు చూసింది. పిల్లల నెత్తిన కప్పును నెలరోజులుగా తన కాళ్లతో తానే పీకుతోంది.

"కంచె దగ్గర మాగిన పాత రెట్ట ఉందిగా, గుంజకు జానెడు ఎడంగా గుంట తీసి అందులో వెయ్యి. పచ్చిది వేస్తే వేరు మాడుతుంది. నా తొట్టిలోంచి పొర్లే నీళ్లు అటు మళ్లించు. పదిరోజులకు కొత్తాకు కమ్ముతుంది."

"వాడు పదిరోజులు ఆగుతాడా తాతా?"

"ఆగడు. నువ్వే ఆపాలి."

పెట్ట గుంట తీసింది, ఎరువు వేసింది, నీళ్లు మళ్లించింది. గుంట బురదబురద అయింది. పిల్లల్ని ఎద్దు తొట్టి వెనక దాచింది. తుంచిన పండాకుల్ని ఏడు ముద్దలుగా చేసి కంతకు సూటిగా ఆ బురద మీద పేర్చింది. ఆ తర్వాత స్తంభం కిందికి వెళ్లింది.

"నువ్వు చెప్పినట్టే అన్నీ తుంచేశాను అన్నా. పిల్లలు గుంజ దగ్గర నిద్రపోతున్నారు." గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు.

గద్ద పైకి లేచి చూసింది. ఏడు పసుపు ముద్దలు. రెక్కలు ముడిచి రాయిలా కంతలోంచి దిగింది. గోళ్లకు ఆకులు చిక్కాయి, ఒళ్లు బురదలో దిగబడింది. తడిసిన రెక్కలతో లేవబోతే బీరతీగలు చుట్టుకున్నాయి. ఈలోగా ఎద్దు కొమ్ము వచ్చి తగిలింది. సగం ఈకలు అక్కడే వదిలి, గద్ద కుంటుకుంటూ కంచె దాటిపోయింది. మళ్లీ ఆ స్తంభం మీద వాలలేదు.

పదకొండోనాటికి కొత్తాకు కంతను మూసేసింది. పెట్ట మాత్రం ఇంకా పిల్లల్ని లెక్కపెడుతూనే ఉంది.

"ఈ ఈకలు చిమ్మెయ్యనా తాతా?"

"ఉండనీ. అవీ ఎరువే."

పెట్ట వాటి మీద మట్టి కప్పింది.

మందు చెప్పేవాడి మాట వినే ముందు వాడి ఆకలేమిటో కనుక్కో.