బొంతకాకి ఇచ్చిన ఈక

పిల్లలూ, ఈ కథ నాకు బాగా తెలుసు. కానీ ఈమధ్య ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో తారుమారు చేస్తున్నాను. అందుకే పూర్తిగా మరిచిపోకముందే రాసి పెడుతున్నాను. ఎక్కడైనా వరస తప్పితే మీరే సర్దుకోండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున కొండముచ్చుల కావలి బడి ఉండేది. అందులో చదువు మూడు వానకాలాలు. చెట్టు చివరన కూర్చుని, కింద నీళ్లు తాగే జింకలకు కాపలా కాయడం ఎలాగో అక్కడ నేర్పేవారు.

కాపలాకు రెండే గుర్తులు. ప్రమాదం ఉంటే గట్టిగా దగ్గినట్టు అరవాలి. ఏ ప్రమాదమూ లేకపోతే ఆకుల కొమ్మ ఒకటి విరిచి కింద పడేయాలి. ఆ కొమ్మ పడితేనే జింకలు పొదలు దాటి నీళ్లకు వస్తాయి. కొండముచ్చు కొమ్మను తప్ప అవి ఇంకెవరి మాటా నమ్మవు. తాతల కాలం నుంచీ అదే పద్ధతి.

ఆ బడిలో కలివి అనే ఆడ కొండముచ్చు కొత్తగా చేరింది. చేరి నెల కూడా కాలేదు. పెద్ద తరగతి పిల్లలు అప్పుడే దాన్ని ఆటపట్టించడం మొదలుపెట్టారు.

"ఏమే కలివీ, ఏ చెట్టు మీద పని నేర్చుకుంటున్నావు?"

"ఇంకా ఎక్కడా లేదు."

"ఎక్కడా లేదా! మూడేళ్లూ బడి మొద్దు మీదే కూర్చుంటావా? అలాగైతే చివరికి నీకు చింతచెట్టు కూడా ఇవ్వరు, తుమ్మచెట్టు ఇస్తారు. ముళ్లు ఏరుకుంటూ కూర్చో!"

మీ అక్కలు కాలేజీలో చేరీ చేరగానే ఇంటర్న్‌షిప్ అంటూ తిరుగుతారు చూశారా, అలాంటిదే ఇదీ. కలివికి ఆ మాట గుచ్చుకుంది. మర్నాడే మోదుగ తాత దగ్గరకు వెళ్లింది. మోదుగ తాత ముసలి కొండముచ్చు. ఎగువ రేవులో నల్లమద్ది చెట్టు మీద ఎన్నో ఏళ్లుగా కాపలా కాస్తున్నాడు.

"తాతా, నన్ను నీ దగ్గర పనిలో పెట్టుకుంటావా?"

"రా తల్లీ. ముందుగా రావడం మంచిదే," అన్నాడు తాత. "కానీ ఈ వానలు వెళ్లేదాకా నువ్వు ఒక్క కొమ్మ కూడా విరవకూడదు. మూడు పనులు చెయ్యి. జింకలు ఎన్ని వచ్చాయో, ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టు. గాలి ఎటు వీస్తోందో చూడు. గడ్డి ఎటు వంగుతోందో చూడు. అంతే."

మొదటి రోజు కలివి లెక్కపెట్టి, "ఇరవై తొమ్మిది," అంది.

"ముప్ఫై ఒకటి. మళ్లీ లెక్కపెట్టు," అన్నాడు తాత.

రెండో రోజు గాలి చూసింది. మెడ నొప్పి పుట్టింది.

మూడో రోజు గడ్డి చూసింది. "గాలికి ఎదురుగా గడ్డి వంగిందంటే అందులో ఎవరో నడుస్తున్నట్టు. అది ఒక్కటి గుర్తుంచుకో," అన్నాడు తాత. కలివి ఆవలించింది.

కింద దానికి ఒక నేస్తం ఉండేది. పేరు రేల. ఎడమ చెవి కొన చిరిగిన పడుచు జింక. "ఏమే, కొమ్మ పడేస్తావనుకుంటే ఆవలింతలు పడేస్తున్నావే!" అని నవ్వింది రేల. కలివికి సిగ్గేసింది.

ఆ సాయంత్రమే బొంతకాకి వచ్చి పక్కన వాలింది.

"ఏమే పిల్లా, ఈ ముసలాయన నీ చేత జింకల్ని లెక్కపెట్టిస్తున్నాడా? నా దగ్గరకు రా. దిగువ రేవులో ఏనుగంత మద్దిచెట్టు ఉంది. మొదటి రోజు నుంచే కొమ్మ నీ చేతికిస్తాను. పదే పది రోజులు. పదకొండో రోజు, పని చేసినట్టు గుర్తుగా నా తోక ఈక ఇస్తాను. చెవి వెనక పెట్టుకుని బడికి వెళ్లు. నిన్ను ఎవరు ఏమంటారో చూద్దాం."

"మరి నేనేం చూడాలి అత్తా?"

"చూడడం నా పని. నేను ఎగిరేదాన్ని, నాకు అంతా కనపడుతుంది. నేను 'కా' అనగానే నువ్వు కొమ్మ పడేయి. నీకెందుకు శ్రమ?"

ఒక మాట ముందే చెప్పాల్సింది, మరిచాను. బొంతకాకి వేటాడదు. చిరుతపులి తిని వదిలేసింది తింటుంది. ఈ సంగతి అడవిలో అందరికీ తెలుసు. కలివికీ తెలుసు. కానీ ఆ పూట దాని మనసంతా ఈక మీదే ఉంది.

మోదుగ తాతతో చెప్పడానికి వెళ్లింది. తాత అడ్డు చెప్పలేదు. ఒక్కటే అడిగాడు: "అక్కడ నీకేం నేర్పుతారమ్మా?"

కలివి తల వంచుకుని వెళ్లిపోయింది.

దిగువ రేవులో గడ్డి ఎత్తుగా ఉండేది. జింకలు అటు వచ్చేవి కావు. రేలే వాటికి నచ్చజెప్పింది. "కలివి నా నేస్తం. అది కొమ్మ పడేస్తే నేను ముందు దిగుతాను, మీరు వెనక రండి," అంది. మంద కదిలింది.

మొదటి రోజు కాకి 'కా' అంది. కలివి కొమ్మ పడేసింది. రేల ముందు దిగింది. ఏమీ జరగలేదు. రెండో రోజూ అంతే. అలా తొమ్మిది రోజులు గడిచాయి. జింకలకు భయం పోయింది. కాకికి కావలసిందీ అదే.

ఒకసారి రేల పైకి చూసి అడిగింది: "కలివీ, గడ్డి వైపు చూశావా?"

"అత్త చూస్తుందిలేవే."

"నేను అత్తను అడగలేదు. నిన్ను అడిగాను."

"అబ్బా, నువ్వు కూడా ఆ తాతలాగే తయారయ్యావు!" అంది కలివి.

పదో రోజు వచ్చింది. గాలి పడమటి నుంచి వీస్తోంది. గడ్డి తూర్పుకు వంగాలి. ఒక్కచోట మాత్రం పడమటికి వంగి, లేచి, మళ్లీ వంగింది. తాత దగ్గర గడిపిన ఆ మూడు రోజులూ ఊరికే పోలేదు. కలివి దాన్ని చూసింది.

"అత్తా, ఆ గడ్డి..."

"ఎలుకలు," అంది కాకి. "కా! కా! పడేయవే. ఇవాళ పదో రోజు. రేపే నీ ఈక. ఇప్పుడు ఆగావంటే మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క."

కలివి చేతిలో కొమ్మ ఉంది. దగ్గితే చాలు, జింకలు పారిపోయేవి. ఒకవేళ అవి ఎలుకలే అయితే ఈక పోతుంది. కలివి గడ్డి వైపు నుంచి చూపు తిప్పుకుంది. కొమ్మ పడేసింది.

రేల ముందు దిగింది. వంగి ఆకు అందుకుంది.

చిరుత ఒక్క దూకు దూకింది. మంద చెల్లాచెదురైంది. అప్పుడు అరిచింది కలివి. అరుస్తూనే ఉంది. ఆ ఆకు ఇంకా రేల నోట్లోనే ఉంది.

మర్నాడు పొద్దున చిరుత తిని వెళ్లాక కాకి కిందికి దిగింది. ముక్కు తుడుచుకుని పైకి ఎగిరింది. తోకలోంచి ఈక పీకి కలివి ముందు పెట్టింది.

"మాటంటే మాటే. ఇదిగో నీ ఈక. బాగా చేశావు."

"నువ్వు చూశావు కదా అత్తా! నీకు తెలుసు కదా!"

"తెలుసు. నాకు కావలసింది నీ కళ్లు కాదే పిల్లా. నీ కొమ్మ. నేను పడేస్తే ఎవరు వస్తారు?"

కలివి ఆ ఈక తీసుకుని బడికి వెళ్లలేదు. మోదుగ తాత దగ్గరకు వెళ్లింది. తాత తిట్టలేదు. పక్కకు జరిగి చోటిచ్చాడు. కింద జింకలు నీళ్లు తాగుతున్నాయి.

"లెక్క చెప్పు," అన్నాడు.

"ముప్ఫై ఒకటి."

"మళ్లీ."

"ముప్ఫై ఒకటి తాతా."

"మళ్లీ లెక్కపెట్టమ్మా."

చాలాసేపటికి కలివి, "ముప్ఫై," అంది.

ఆ తర్వాత అది మూడు వానకాలాలూ ఆ చెట్టు మీదే కూర్చుంది. గాలి నేర్చుకుంది, గడ్డి నేర్చుకుంది. దానంత బాగా చూడగలిగిన కొండముచ్చు ఆ అడవిలో లేదని తాతే చెప్పాడు. చదువు అయ్యాక తన నల్లమద్ది చెట్టు దానికే ఇచ్చాడు.

మొదటి రోజు కలివి నాలుగు దిక్కులూ మూడుసార్లు చూసింది. ఎక్కడా ఏమీ లేదు. లేత కొమ్మ విరిచి పడేసింది. జింకలు తలెత్తి దాన్ని చూశాయి. పొదల్లోంచి ఒక్కటీ కదల్లేదు. ఎండ ఎక్కింది. కొమ్మ మీద ఆకులు వాడిపోయాయి. దాహంతో అవి అలాగే నిలబడ్డాయి గానీ, నీళ్లకు రాలేదు.

నీతి: పని నేర్చుకోవడానికి ముందుగా వెళ్లడం మంచిదే. కానీ మన కళ్లకు పని చెప్పకుండా మన మాటను మాత్రమే వాడుకునే చోట ఉండకూడదు. మనం చూడనిదానికి, చూసి కూడా అనుమానం తీరనిదానికి, ఎవరికీ భరోసా ఇవ్వకూడదు.

విశాలా, చిన్నప్పుడు ఈ కథ నువ్వూ నా పక్కనే కూర్చుని విన్నావు కదా. ఒకసారి పేర్లు సరిచూడవే చెల్లీ. తాత పేరు మోదుగో, ఇప్పో నాకు అనుమానంగానే ఉంది. అది తప్పైనా ఫరవాలేదు. ఆ జింక పేరు రేలే కదూ? అది మాత్రం తప్పు పోకూడదు.