పేరు నిలిచే రాయి

ఏటి ఒడ్డున కావలి బురుజు కడుతున్నారు. పునాది గుంటలు తవ్వే ముఠాకు మేస్త్రీ సుంకులమ్మ. గుంటల్లో రాయి తగలగానే కట్టడాల అధికారి త్రివిక్రమయ్య, "ఇక చాలు, గోడలు లేపండి. దసరాకి రాజుగారు వస్తున్నారు" అన్నాడు.

"ఇది మెత్తరాయి అయ్యగారూ. దీని మీద నిలబెడితే బురుజు కుంగి, పక్కనున్న పడవవాళ్ల గుడిసెల మీద పడుతుంది" అంది సుంకులమ్మ. "ఇంకా తవ్వి పునాదిని రాయి లోపలికి దించితే నాలుగు వైపులా అదే పట్టుకుంటుంది."

"రాయి రాయే. నాకు చెప్పొచ్చావా?"

సుంకులమ్మ తలూపింది. మర్నాడు గుంటలోంచి తీసిన ఒక రాతిపలకను ఆయన ముందు పెట్టించి, బురుజు వాకిలి మీద ఆయన పేరు చెక్కడానికి తెచ్చానంది.

త్రివిక్రమయ్య గోటితో గీశాడు. పొడి రాలింది.

"దీని మీదా నా పేరు? ఒక్క వానకే చెరిగిపోతుంది. కొండరాయి తెప్పించు."

"రాయి రాయేనన్నారుగా. బురుజునంతా మోసేది మీ పేరు మొయ్యలేదా, అయ్యగారూ?"

పనివాళ్లు గడ్డపారలు ఆపి చూస్తున్నారు. త్రివిక్రమయ్య వేళ్లకంటిన పొడి దులుపుకున్నాడు.

"ఎంత లోతు తవ్వాలంటావు?" అన్నాడు మెల్లగా.

"మీ పేరు చెరిగిపోనంత" అంటూ సుంకులమ్మ గుంటలోకి దిగింది.