కంట్లో తెల్లచుక్క

అనగనగా సముద్రాలవతల, మంచు కురిసే ఒక ఊళ్ళో లీస్‌బెత్ అని ఒక పిల్ల ఉండేదిరా కన్నా. నోరు తిరక్కపోతే లీసా అను. నీళ్ళరంగులతో పిట్టల బొమ్మలు వేసేది.

కిటికీ అంచున రొట్టెముక్కలు చల్లి, ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఎర్రరొమ్ము పిట్ట ఒకటి రోజూ వచ్చేది. దాని నల్లటి కంట్లో కిటికీ వెలుగు తెల్లచుక్కలా మెరిసేది. లీసా ఆ చుక్కకి రంగు వేసేది కాదు. అక్కడ కుంచె తగలకుండా కాగితాన్ని అలాగే వదిలేసేది.

ఆ ఊరి దొరకి పిట్టల బొమ్మల పుస్తకం చేయించాలని కోరిక. అక్కడి వాడుకేమిటో తెలుసా? పిట్టని చంపి, దూది కూరి, తీగ మీద నిలబెట్టి, బతికున్నట్టే బొమ్మ వేయడం! దిక్కుమాలిన వాడుక.

బొమ్మల పని లీసాకి అప్పగించి, మొదట పసుపురెక్కల పిట్టని చంపి పంపాడు. లీసా ఉన్నదున్నట్టు వేసింది. ముడుచుకుపోయిన కాళ్ళు, కన్నంతా నలుపు. ఆ తర్వాత నీలిటోపీ పిట్టని పంపాడు. మళ్ళీ అంతే.

"కళ్ళల్లో తెల్లచుక్క ఏదీ? పెట్టు!" అని మండిపడ్డాడు దొర.

"నలుపు పడ్డాక తెలుపు తిరిగి రాదు దొరా. పిట్టకైనా అంతే, కాగితానికైనా అంతే," అంది లీసా.

అప్పుడు దొరకి పంతం పుట్టింది. ఎర్రరొమ్ము పిట్టనే పట్టించి, పంజరంలో తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడే దీని మెడ విరుస్తాను. చుక్క పెట్టి వేశావా సరే, లేదంటే పుస్తకంలో నీ పేరుండదు."

రోజూ తన రొట్టె తిన్న పిట్ట అది. లీసాకి భయమూ వేసింది, ఒళ్ళూ మండింది. దొర చూస్తుండగానే పంజరం తలుపు తీసేసింది. పిట్ట తుర్రుమంది!

ఆ తర్వాత తాపీగా కూర్చుని మూడో బొమ్మ వేసింది. తలుపు తెరిచిన పంజరం. లోపలంతా ఉత్త తెల్లకాగితం.

"పిట్టేదీ?" అని అరిచాడు దొర.

"బయట. కావాలంటే రొట్టె పట్టుకుని మా కిటికీ దగ్గరికి రండి. కదలకుండా కూర్చోవాలి మరి!"

పుస్తకంలో లీసా పేరు వెయ్యలేదు కన్నా. వెయ్యకపోతే ఏం? మర్నాడు పొద్దున్నే ఎర్రపిట్ట వచ్చి కిటికీ మీద వాలింది. దాని కంట్లో తెల్లచుక్క ఉంది.

కథేమో కంచికి,
పిట్టేమో మింటికి,
పంజరం మంటకి,
నిద్దరేమో నీ కంటికి.