చిటికెలవాడి కొలువు

ఒకానొక రాజ్యంలో ఏనుగులకు కొదవ లేదు, బిరుదులకు అసలే లేదు. మంత్రసాని మాత్రం ఊరంతటికీ ఒక్కతే. ఆమె పేరు నాంచారమ్మ.

ఆ రాజ్యమేలే ప్రచండసేనుడికి గొప్పలు జాస్తి. ఆయన సింహాసనం పక్కన వీరిగాడని ఒక సేవకుడు నిలబడి ఉండేవాడు. రాజుగారు ఆవలిస్తే, ఆయుష్షు జారిపోకుండా నోటి ముందు చిటికె వేయడం వాడి కొలువు. అంతే, ఇంకో పని లేదు. చూశారా వైభోగం!

ఒకనాడు నాంచారమ్మ సభకు వచ్చింది. "బాబూ, ఒంటిచేత్తో ఇన్ని పురుళ్ళు పోయలేకపోతున్నాను. నాకు తోడుగా ఇంకో మంత్రసానిని వేయించండి" అని వేడుకుంది.

ప్రచండసేనుడు మీసం దువ్వి, ప్రజల రోగాలన్నిటికీ సోమరితనమే మూలమంటూ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. అది సాగింది, సాగింది. రాత్రంతా పురిటింట్లో నిలబడి వచ్చిన ముసలిప్రాణం, పాపం, నోరారా ఆవలించింది.

"నా ఎదుటే ఆవలింతా!" రాజు మండిపడ్డాడు. "సోమరులకు వచ్చే జబ్బు అది. పుట్టిన నాటినుంచీ మేము ఒక్కసారైనా ఆవలించి ఎరుగం! పొద్దు గూకేలోగా ఈమె ఊరి పొలిమేర దాటాలి!"

"అవును మరి, ప్రభువుల దేహతత్వానికి ఆవలింత సరిపడదు" అని రాజవైద్యుడు వంతపాడాడు.

ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డ తిప్పనకు ఇల్లు గుర్తొచ్చింది. నెలలు నిండిన కూతురు పురిటికి వచ్చి ఇంట్లో ఉంది. పొద్దున్నుంచీ నడుము నొప్పి అంటోంది. నాంచారమ్మ వెళ్ళిపోతే దాని గతేం కాను? లోపల ఒళ్ళు మండుతున్నా నవ్వుమొహం పెట్టుకుని లేచాడు.

"ప్రభువులు ఆవలించరన్నది జగమెరిగిన సత్యం. అయితే వీరిగాడి కొలువు దండగే కదా! దాన్ని రెండో మంత్రసానికి ఇప్పించండి."

రాజు ఇరుకున పడ్డాడు. కాదంటే తన మాటే అబద్ధమవుతుంది. "ఇచ్చాం! వీరిగాడి కొలువు నేటితో సరి!" అన్నాడు బింకంగా.

"చిత్తం. కాని ఈ పాడు జబ్బు అంటురోగం ప్రభూ. ఆవలింతకు అన్న ఉన్నాడు గాని తుమ్ముకు తమ్ముడు లేడని పెద్దలు ఊరికే అన్నారా? ఒకరికొస్తే పక్కవాడికీ తప్పదు. ముందు దవడ లాగుతుంది... కళ్ళు చెమ్మగిల్లుతాయి... నోరు దానంతటదే..." అంటూ తిప్పన తీరిగ్గా ఆవలించాడు.

సేనాపతి ఆవలించాడు. రాజవైద్యుడు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని మరీ ఆవలించాడు. ప్రచండసేనుడు పళ్ళు బిగించాడు, కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంతసేపని ఆపుకుంటాడు? ఆఖరికి ఇంత నోరు తెరిచాడు.

తెరిచిన నోటితోనే వీరిగాడికి కంగారుగా సైగ చేశాడు. వాడు చేతులు కట్టుకున్నాడు. "నా కొలువు పోయింది కదా ప్రభూ!"

ఆయుష్షు ఎక్కడ జారిపోతుందోనని రాజు బిక్కచచ్చిపోయాడు. అప్పుడు నాంచారమ్మే గబగబా వెళ్ళి ఆయన నోటిముందు టపటపా చిటికెలు వేసింది. "చిరంజీవ, చిరంజీవ! నాకిది కొత్తా బాబూ? మీరు పుట్టగానే ఏడవలేదు, ముందు ఆవలించారు. ఆనాడూ ఈ చేత్తోనే చిటికె వేశాను" అంది.

సభ చూపంతా రాజు మీదికి మళ్ళింది.

"ప్రభూ, పొద్దు గూకేలోగా పొలిమేర దాటాలి" అన్నాడు తిప్పన వినయంగా. "తమకు పల్లకీ సిద్ధం చేయించమంటారా? మేమంతా వెనకాల నడుస్తాం."

రాజు మీసం అదిరింది. అదిరి అదిరి, ఆయన పగలబడి నవ్వేశాడు. "గెలిచావయ్యా తిప్పనా!"

నాంచారమ్మ శిక్ష రద్దయింది. ఇంకో మంత్రసాని కొలువు ఖాయమైంది. వీరిగాడికి మంత్రసానుల బండి తోలే పని దొరికింది. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పనకు వేయబోయాడు.

"హారం ఎక్కడికి పోతుంది ప్రభూ, ముందు ఆ బండి కట్టించండి! ఇంటి దగ్గర మా అమ్మాయి ఎలా ఉందో ఏమో!"

ఆ సాయంత్రం తిప్పన ఇంట మనవరాలు పుట్టింది. నాంచారమ్మ బిడ్డను వసారాలోకి తెచ్చి చూపించింది. పిల్ల కేరుమంది, కాళ్ళు తన్నింది, ఆపైన బుల్లినోరు తెరిచి ఆవలించింది. ముసలమ్మ చెయ్యెత్తేలోపే గుమ్మం దగ్గర చిటికె వినబడింది. ముత్యాలహారం ఇవ్వడానికి స్వయంగా వచ్చిన మహారాజు వేసిన చిటికె అది.