పలికినవాడిదే పేరు

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో ప్రసన్నాంజనేయులు అనే కుర్రవాడు చదువుతుండేవాడు. తన పని ఇంకొకరు చేస్తుంటే కూర్చుని చూడడమంటే వాడికి మహా ఇష్టం. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేక అందరూ అంజి అనేవారు. వాడిని బద్ధకస్తుడని తిట్టే అర్హత నాకు లేదు. ఈ కథ నేను పోయిన వేసవిలో రాయాల్సింది. ఇక కంప్యూటర్ల సంగతంటారా, అది నాకు నేనుగా నేర్చుకున్న విద్య. ఇందులో తప్పులు దొర్లితే నా గురువుని తిట్టడానికి కూడా మీకు వీల్లేదు.

ఆ ఏడు కంప్యూటర్ పాఠం చెప్పడానికి సువార్త మేడం అని కొత్తావిడ వచ్చింది. ఆవిడ నవ్వేది కాదు. కోప్పడేదీ కాదు. గొంతు ఎప్పుడూ పెంచేది కాదు. అయినా ఆవిడ మాట్లాడుతుంటే గదిలో ఫ్యాన్లు కూడా చప్పుడు తగ్గించుకున్నట్టు ఉండేది.

"నా దగ్గర మార్కులు ఎలా వస్తాయో ముందే చెబుతున్నాను. తరవాత నాకు తెలియదు మేడం అనకండి," అంది మొదటి రోజు. "మొదటిది హాజరు. పేర్లు పిలుస్తాను. తలెత్తి చూడను. ఎవరు పలికితే పేరు వాళ్ళదే."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత మంచి మేడం ఇంకే కాలేజీలో దొరుకుతుంది?

"రెండోది ప్రోగ్రాం. మీ చేత్తో మీరే రాయాలి. తప్పొస్తే చెయ్యెత్తి అడగాలి. తప్పుల తడకైనా మీదైతే మార్కులేస్తాను. ఒక్క తప్పూ లేకపోయినా, మీది కాకపోతే సున్నా."

మొదటి మాట అంజి చెవిలో తేనెలా పడింది. రెండో మాట వచ్చేసరికి వాడు కిటికీలోంచి రోడ్డుకి అవతల ఉన్న టీ బంకు వైపు చూస్తున్నాడు.

మర్నాటి నుంచి వాడి మధ్యాహ్నాలన్నీ ఆ బంకు దగ్గరే గడిచేవి. లోపల ల్యాబ్‌లో వాడి స్నేహితుడు బాజీ ప్రాక్సీ వేసేవాడు, అంటే తన పేరుకి తన గొంతుతో, అంజి పేరుకి ముక్కులోంచి తీసిన సన్నటి గొంతుతో "ప్రెజెంట్ మేడం" అనేవాడు. తన ప్రోగ్రామే పేరు మార్చి అంజిది అని కూడా ఇచ్చేవాడు. ఇందుకు ప్రతిఫలం ఒక టీ.

"ఒరేయ్, నీ గొంతు చేసీ చేసీ నాకు జలుబు పట్టేటట్టుందిరా," అనేవాడు బాజీ.

"అల్లం టీ తాగు, తగ్గుద్ది," అనేవాడు అంజి. డబ్బు మాత్రం బాజీనే ఇచ్చుకునేవాడు.

ఇలా ఉండగా బాజీ వాళ్ళ బాబాయి కూతురి పెళ్ళని వినుకొండ వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం తనకి గైర్హాజరు పడుతుందని తెలిసినా అంజి బంకు దగ్గర బెంచీ మీంచి లేవలేదు. లేవాలంటే చెప్పులు వేసుకోవాలి.

పెళ్ళి నుంచి వచ్చిన బాజీ నేరుగా బంకుకి వచ్చాడు. మొహంలో పెళ్ళికళ లేదు.

"నిన్న ల్యాబ్‌కి పోయావట కదరా?" అన్నాడు.

"నేనా? నాకేం ఖర్మ?"

"అందరూ అంటున్నారు. చివరి సిస్టం దగ్గర కూర్చున్నావంట. పేరు పిలవగానే పలికావంట."

అంజి టీలో బిస్కెట్టు ముంచాడు. అది విరిగి గ్లాసులో పడింది. వేలు పెట్టి తీసుకుని చప్పరించాడు. "ఎవడో పుణ్యాత్ముడు పలికుంటాడు. నీకంటే మంచోడు. జలుబు గొడవ లేదు," అన్నాడు.

ఆ సాయంత్రం ల్యాబ్ అయ్యాక బాజీ మళ్ళీ వచ్చాడు. ఈసారి టీ అడగలేదు.

"ఇవాళ నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి పలికిందిరా. నీ గొంతే."

"నువ్వు చేసేంత బాగా చేశాడా?"

"అది చేసిన గొంతు కాదురా. నీ గొంతే. తిరిగి చూస్తే మానిటర్ వెనక తల కనబడింది. నీ తలే. ఆ రెండు సుడులు కూడా ఉన్నాయి."

"మొహం?"

"చూడలేదు. చూడబుద్ధి కాలేదు."

అంజి పకపకా నవ్వాడు. "నాకు జీతం లేని గుమాస్తా దొరికాడన్నమాట. వాణ్ణి కదిలించమాక. పని చేసుకోనీ."

పని బ్రహ్మాండంగా జరిగింది. ప్రసన్నాంజనేయులు ప్రోగ్రాములు ఒక్క తప్పూ లేకుండా వస్తున్నాయని క్లాసులో చెప్పుకున్నారు. ఎవరితోనూ మాట్లాడడట, నీళ్ళకి కూడా లేవడట. అంజి ఇవన్నీ బెంచీ మీద కూర్చుని వినేవాడు. మనసులో గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు బంకు యజమాని వెంగళరావు గ్లాసు ఇవ్వబోయి ఆగిపోయాడు. "ఇందాకే తాగి పోయావు కదయ్యా," అన్నాడు.

"నేను ఇప్పుడే వచ్చాను బాబాయ్."

"ఇక్కడే, ఈ బెంచీ మీదే. గ్లాసు కడిగి మరీ ఇచ్చావు."

అంజి ఆ మాటని నవ్వుతో దులుపుకుని భోజనానికి ఇంటికి పోయాడు. వాళ్ళమ్మ కోటమ్మ కుట్టు మిషన్ మీద జాకెట్టు కుడుతోంది. తలెత్తకుండానే, "మళ్ళీ ఆకలేస్తోందా నాయనా?" అంది.

"మళ్ళీ ఏంటమ్మా?"

"ఇందాకే తిన్నావు కదరా. పప్పులో ఉప్పు మరిచిపోయాను. అయినా కిక్కురుమనకుండా తిన్నావు. కంచం కడిగి బోర్లించావు. నా తండ్రికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని ఏడుపొచ్చిందనుకో."

అంజి వంటగదిలోకి చూశాడు. కంచం బోర్లించి ఉంది. దాని అంచు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. వాడు ఆ ఇంట్లో పుట్టిన దగ్గరనుంచి కంచం కడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు వాడు అన్నం తినలేదు. తినాలంటే ఆ కంచం ముట్టుకోవాలి.

ఆ తరవాత వారంలో మరో మధ్యాహ్నం ఇంటికి పోతే తలుపు దగ్గరగా వేసి ఉంది. వాడు తలుపు తోసేసరికి కోటమ్మ మిషన్ ఆపి, కళ్ళజోడు సవరించుకుని, వాడి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత మర్యాదగా, పరాయివాళ్ళని పలకరించినట్టు అడిగింది:

"ఎవరు బాబూ? మా అంజి కోసమా?"

అంజి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వాడు ల్యాబ్‌కి పోయాడు. ఈ మధ్య బాగా చదువుకుంటున్నాడు. మీకు దండం పెడతాను, తిరగడానికి రమ్మని పిలవమాకండి నాయనా," అని తలుపు వేసేసింది. మిషన్ మళ్ళీ కటకటమని మొదలైంది.

అంజి ఎండలో చెప్పుల్లేకుండా బంకు దాకా పరుగెత్తాడు. అక్కడ బెంచీ మీద బాజీ ఒక్కడే ఉన్నాడు. బాజీ కూడా వాడి వైపు అనుమానంగానే చూశాడు.

"ఎవరు?"

"నేన్రా! అంజిని!"

బాజీ ఒక టీ, ఒక బిస్కెట్టు చేతిలో పెట్టాడు. అంజి బెంచీ మీద చతికిలబడ్డాడు. బిస్కెట్టు ముంచాడు. విరిగి పడింది. అలవాటు కొద్దీ వేలు పెట్టాడు.

"నువ్వేరా," అన్నాడు బాజీ ఊపిరి పీల్చుకుని. "గ్లాసులో వేలుపెట్టే దరిద్రుడు ఈ ఊళ్ళో నువ్వొక్కడివే. అయినా ఒకసారి పిలుస్తాను, పలుకు చూద్దాం. ప్రసన్నాంజనేయులూ!"

అంజి నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి వచ్చింది గానీ మాట రాలేదు. అదే క్షణంలో రోడ్డుకి అవతల, ల్యాబ్ కిటికీలోంచి ఒక గొంతు వినబడింది.

"ప్రెజెంట్ మేడం."

ల్యాబ్‌కి అప్పుడు భోజన విరామం. లోపల మేడం లేదు.

ఇద్దరూ చాలాసేపు ఆ కిటికీ వైపు చూడలేదు. చివరికి బాజీ అన్నాడు: "నీ పేరుకి పలకడం నేనే మొదలెట్టాను. దారి నేనే చూపించాను. రేపు ల్యాబ్ పరీక్ష. ఆ మార్కులు కూడా వాడికి పడితే ఇంక నీకంటూ ఏమీ మిగలదురా. రేపు నువ్వే రా. నా మీద ఒట్టు."

మర్నాడు అంజి చెప్పులు వేసుకుని, తల దువ్వుకుని ల్యాబ్‌కి వెళ్ళాడు. అందరూ వాళ్ళ వాళ్ళ సిస్టంల ముందు కూర్చుని ఉన్నారు. చివరి సిస్టం దగ్గర రెండు సుడులున్న తల ఒకటి మానిటర్ వెనక కదలకుండా ఉంది. సువార్త మేడం తల వంచుకుని పేర్లు పిలుస్తోంది.

"ప్రసన్నాంజనేయులు."

"ప్రెజెంట్ మేడం," అంది వెనక నుంచి ఆ గొంతు.

"మేడం!" అని అంజి అరవబోయాడు. గుసగుసలా వచ్చింది. "మేడం, అది నేను కాదు. నేను ఇక్కడున్నాను."

పిల్లలు నవ్వారు. బాజీ మాత్రం నవ్వలేదు. హాజరు పిలుస్తూ మేడం ఆ ఏడాదిలో మొదటిసారి తలెత్తింది.

"పలికినవాడిదే పేరని మొదటి రోజే చెప్పాను."

"తప్పైపోయింది మేడం."

"ఇంకో మాట కూడా చెప్పాను. అది విన్నావా, టీ బంకు చూస్తూ కూర్చున్నావా?"

అంజి తల దించుకున్నాడు. ఆవిడ గుమ్మం పక్కన ఖాళీగా ఉన్న సిస్టం చూపించింది. దాని మీద ఫ్యాను లేదు. కీబోర్డు మీటలు బిగుసుకుపోయి ఉన్నాయి.

"కూర్చో. అందరికీ ఒకటే ప్రశ్న. వచ్చినవాళ్ళని పేరు అడిగి, ఆ పేరుతో పలకరించే ప్రోగ్రాం రాయండి."

ఆ కోర్సులో అన్నిటికంటే తేలికైన ప్రశ్న అదే. వెనక చివరి సిస్టం మీద వాన కురిసినట్టు మీటల చప్పుడు మొదలై, అంతలోనే ఆగిపోయింది. వాడికి అయిపోయింది.

అంజి ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. తెర నిండా తప్పులు చూపించే ఎర్రటి గీతలు వచ్చాయి. పక్కవాడి తెర వైపు కళ్ళు పోయాయి. అలవాటు మరి. బలవంతంగా వెనక్కి లాక్కున్నాడు. తరవాత, పుట్టి బుద్ధెరిగాక చేయని పని ఒకటి చేశాడు. చెయ్యెత్తాడు.

"మేడం, ఇక్కడ ఏదో తప్పుంది. ఏంటో నాకు తెలియట్లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం వచ్చి చూసి, "అడగకముందే పలకరిస్తున్నావు. ముందు అడుగు," అని వెళ్ళిపోయింది.

అంజి దిద్దాడు. ఎర్రగీతల్లో ఒకటి పోయింది. అప్పుడు వెనక కుర్చీ కిర్రుమంది. బాజీ ఓరగా చూశాడు. మానిటర్ వెనక తల కొంచెం కిందికి దిగింది.

అంజి మళ్ళీ తప్పు చేశాడు. మళ్ళీ చెయ్యెత్తాడు. మళ్ళీ దిద్దాడు. చెమట కళ్ళల్లోకి కారుతోంది. ఒక్కో తప్పు దిద్దినప్పుడల్లా వాడి గొంతు ఇంకాస్త గట్టిపడుతోంది. వెనక తల ఇంకాస్త దిగుతోంది. ఇప్పుడు నవ్వేవాళ్ళెవరూ లేరు.

సమయం అయిపోయాక మేడం చివరి సిస్టం దగ్గరికి నడిచింది.

"బాగుంది. తప్పే లేదు," అంది తెర చూసి. "ఇది రాసేటప్పుడు నీకు ఎక్కడ తప్పొచ్చింది? ఏం చేసి దిద్దుకున్నావు?"

"ప్రెజెంట్ మేడం," అంది ఆ గొంతు.

"అది కాదు నేనడిగింది."

"ప్రెజెంట్ మేడం." ఈసారి గొంతు సన్నబడింది. ముక్కులోంచి వచ్చింది. అది బాజీ తీసే దొంగ గొంతు. బాజీ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"ఇంకేమీ రాదా నీకు?" అని అడిగింది మేడం. ఆవిడ గొంతులో జాలి ఉంది.

మేడం కుర్చీని తనవైపు తిప్పింది. అందులో ఎవరూ లేరు. కుర్చీ మీది మెత్త మాత్రం ఇంకా లోపలికి అణిగి ఉంది. అందరూ చూస్తుండగానే అది మెల్లగా, ఎవరో లేచినట్టు, పైకి ఉబ్బింది.

గుమ్మం పక్కన అంజి చివరి మీట నొక్కాడు. తెర వాడి పేరు అడిగింది. వాడు కొట్టాడు. తెర వాడిని పేరు పెట్టి పలకరించింది. అంత పొడుగు పేరూ ఓపిగ్గా పలికింది. వాడు అందరి ముందూ ఏడ్చేశాడు.

ఆ పరీక్షలో వాడికి వచ్చినవి పాసు మార్కులు. ఒక్కటి తగ్గినా పోయేవాడే. హాజరు కిందా, పాత ప్రోగ్రాముల కిందా సున్నాలు పడ్డాయి. ప్రాక్సీ వేసినందుకు బాజీ మార్కులు కూడా కోసేసింది మేడం. ఎవరూ బతిమాలుకోలేదు. ఆవిడ ముందే చెప్పింది కదా.

ఇంటికి పోతే, "ఏరా అంజీ, మొహం అట్టా పీక్కుపోయిందేంట్రా?" అంటూ కోటమ్మ అన్నం పెట్టింది. వాడు తిన్నాడు. "పప్పులో ఉప్పు లేదమ్మా," అన్నాడు. తిన్నాక లేచి కంచం కడగబోయాడు. కోటమ్మ మిషన్ ఆపింది. కళ్ళజోడు సవరించుకుని భయంగా చూసింది.

"నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా," అన్నాడు వాడు గట్టిగా. అంతలో తడికంచం చేతిలోంచి జారి ఇల్లంతా మోగేటట్టు పడింది. కోటమ్మ తృప్తిగా మళ్ళీ కుట్టుకోసాగింది.

ఆ కాలేజీలో ఇప్పటికీ చివరి సిస్టం దగ్గర ఎవరూ కూర్చోరు. మేడం పేరు పిలిచినప్పుడు ఎవరైనా పలకడం కాస్త ఆలస్యమైతే, ఆ కుర్చీ మెత్త కొద్దికొద్దిగా లోపలికి అణుగుతుందట. అందుకే అక్కడ పిల్లలు పిలిస్తే చాలు, పైకప్పు ఎగిరిపోయేటట్టు పలుకుతారు.

కాబట్టి పిల్లలూ, తప్పో ఒప్పో మన పని మనమే చేసుకోవాలి. మన బదులు ఇంకొకరిని పలకనిస్తే, చివరికి మన పేరు కూడా మనకి మిగలదు.